గొంతులో పచ్చివెలక్కాయ

మా వీధి మొదట్లో ‘వైన్స్’ అని ఎర్రక్షరాల బోర్డున్న దుకాణం ఒకటి వుంది. హైదరాబాదులో కాపురం పెట్టిన ఈ ఇరవై ఏళ్లలో ఆ బోర్డు ముందు నించి తల వంచుకుని గబగబా నడిచిపోవడం నాకు అలవాటైపోయింది. ఇంతకీ అక్కడ అమ్మేది విస్కీ, బ్రాందీ, బీరూనట. వైన్ కావాలని అడిగే మహానుభావుడెవరైనా వస్తే వెనక అరలోంచి దుమ్ము దులిపి ఒక సీసా తీస్తారేమో. పేరు మాత్రం వైన్స్! అంచేత వైన్ అన్న మాట వింటే నా ముక్కుకి తగిలేది ద్రాక్షపళ్ల వాసన కాదు, ఆ దుకాణం మెట్ల దగ్గరి వాసన.

అలాంటి నేను 2023 అక్టోబరులో, వైన్ చేసేవాళ్ల ఇంట్లో పన్నెండు రోజులు చుట్టరికానికి వెళ్లి వచ్చానంటే నమ్ముతారా? చుట్టరికమే. మా చెల్లెలి అత్తవారిల్లు అది.

మా చెల్లెలు రాళ్ల మీదా అగ్నిపర్వతాల మీదా పెద్ద చదువు చదవడానికి ఇటలీ వెళ్లింది. చదువుతో పాటు మొగుణ్ణి కూడా సంపాదించుకుంది. అందుకు అమ్మ పెద్దగా ఏమీ అనలేదు. “తెల్లవాడైతే ఏంలే, తల్లిని చూసుకునే పిల్లాడిలాగే వున్నాడు” అంది ఫోటో చూసి. “వాళ్లకి ద్రాక్షతోట వుందమ్మా” అని చెల్లెలు చెప్పినప్పుడు కూడా సంతోషించింది. “పళ్లు బజారుకి తోల్తారా?” అనడిగింది. “కాదమ్మా, వైన్ చేస్తారు” అనేసరికి అమ్మ ముఖంలో రక్తం ఇంకిపోయింది. “సారా కాచే ఇంటికా పిల్లనిచ్చింది!” అని లోపలికి వెళ్లి పడుకుంది. 2017లో పెళ్లయితే ఆరేళ్లపాటు ఆ ఇంటి గడప తొక్కలేదు. రమ్మన్నప్పుడల్లా మోకాళ్ల నొప్పులు అడ్డం వచ్చేవి.

అమ్మది చాదస్తం అనుకోకండి. మాది నెల్లూరు జిల్లా. అమ్మకి ఒక్కడే తమ్ముడు. మా మామయ్య సారాకి రెండెకరాల మాగాణీ పోసి, అత్తయ్య కాళ్ల పట్టీలు కూడా పోసి, ముప్పై ఆరో ఏట పోయాడు. ఆ మరుసటి ఏడాది కాబోలు, మా వూళ్లో రాత్రిబడి పెడితే అమ్మ ఆడవాళ్లకి అక్షరాలు దిద్దించడానికి వెళ్లేది. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారన్న కబురు వచ్చింది. అమ్మ దగ్గర అ ఆలు దిద్దుకున్నవాళ్లే పలకలు పక్కన పెట్టి చీపుళ్లు పట్టుకున్నారు. అప్పుడు నాకు పదమూడేళ్లు. సారా కుండ పగిలి రోడ్డు మీద పారినప్పుడు వచ్చిన ఆ పులుపు కంపు నాకిప్పటికీ గుర్తే. 1993లో రాష్ట్రమంతటా సారా ఆపేశారు. ఆ తరవాత సంపూర్ణ నిషేధం వచ్చింది, పోయింది. అది వేరే కథ.

అందుకని చెల్లెలు నన్ను పిలిచినప్పుడు నేను బయల్దేరింది ఊళ్లు చూడ్డానికి కాదు, రాయబారానికి. తీరా అమ్మకి ఏం చెప్పాలో, ఆ ఇంట్లో ఏం తాగాలో, ఏం మానాలో ఏమీ ఆలోచించుకోకుండానే విమానం ఎక్కేశాను.

నేపుల్స్‌లో దిగి కారులో తూర్పుగా కొండల్లోకి వెళ్తే ఇటలీ బూటు మడమకీ వేళ్లకీ మధ్య గుంటలా వున్న రాష్ట్రం వస్తుంది. బసిలికాత దాని పేరు. పూర్వం లుకానియా అనేవాళ్లు. చెల్లెలు తన ఊరి కొండ పేరు కాగితం మీద రాసి పంపినప్పుడు నేను ఇంగ్లీషులో ‘వల్చర్’ అని చదువుకుని, ఇదేమిటే, రాబందుల కొండ కింద కాపురం పెట్టావని కంగారు పడ్డాను. ‘వుల్తురె’ అనాలట. చెప్పొద్దూ, లాటిన్‌లో అర్థం రాబందేనట! 1326 మీటర్ల ఎత్తున్న చల్లారిన అగ్నిపర్వతం. దాని నోరు వుండాల్సిన చోట రెండు చెరువులు, వాటి చుట్టూ దట్టమైన అడవి, ఒడ్డున తెల్లటి మఠం. చూస్తే ఇది ఒకప్పుడు నిప్పు కక్కిందంటే నమ్మబుద్ధి కాదు. కొందరు మనుషులూ అంతే, వయసులో ఎలా వుండేవారో తెలియదు.

ఆ కొండ వాలు మీద, ఆ నల్లటి మట్టిలో పండే ద్రాక్ష పేరు అల్యానికో. దాన్తో చేసే ఎర్ర వైన్ని ‘అల్యానికో దెల్ వుల్తురె’ అంటారు. మొదట్లో నాకు నోరు తిరగలేదు. మా మరిది పాఠాలు చెప్పే మనిషి గనక నాచేత ఆరుసార్లు అనిపించాడు.

ద్రాక్షతోట అంటే మన పందిళ్లలాగా తల మీద గుత్తులు వేలాడుతుంటాయనుకున్నాను. అక్కడ పాత తోటల్లో తీరే వేరు. ఒక్కో తీగ చుట్టూ మూడేసి కర్రలు పాతి, పైన కలిపి ముడేస్తారు. చిన్న చిన్న గుడిసెల బొమ్మల్లా వుంటాయి. ఇప్పుడు చాలామంది తీగెలు లాగి వరసలు వేసుకుంటున్నారు గాని, మా చెల్లెలి అత్తగారు మాత్రం తన నాలుగు చాళ్లూ మార్చనివ్వలేదు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు. తలకి గుడ్డ కట్టుకుని, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, నాకన్నా ముందు చాల్లోకి దిగిపోయేది. నేను తెలుగులో “అత్తయ్యగారూ” అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేది. నా చెల్లెలి నోట ఆరేళ్లుగా విని విని అది తన పేరే అనుకుందట పాపం.

చలి కోటు వేసుకుని పళ్లు కోయడం నేనెప్పుడూ చూడలేదు. ఇటలీలో చాలాచోట్ల సెప్టెంబరులోనే కోతలైపోతాయి. ఈ అల్యానికో మాత్రం అక్టోబరు సగం దాటితే గాని మాట వినదు. ఒక్కో ఏడు నవంబరు దాకా సాగదీస్తుంది. ఊళ్లో అందరి పిల్లలూ బడికి వెళ్లిపోయాక తల దువ్వుకోవడం మొదలుపెట్టే పిల్లలుంటారు చూడండి, అలాంటిది. కొండ ఎత్తు వల్ల పగలు ఎండగా వున్నా రాత్రి వణికిస్తుంది. అంచేత కాయలో తీపి నిమ్మళంగా చేరుతుంది, పులుపు పోదు. ఆలస్యం వల్ల లాభం అదీ. నష్టం ఏమిటంటే, పండు చెట్టు మీద వున్నన్నాళ్లూ ఏ వానో వడగళ్లో వస్తే ఏడాది కష్టం నేలపాలు. ఆవిడ రోజూ పొద్దున్నే లేచి ముందు మబ్బుకేసి చూసేది, తరవాతే కాఫీ పెట్టేది. వడ్లు కళ్లంలో వున్నప్పుడు మా తాతయ్య అచ్చం అలాగే చూసేవాడు.

“వేసవిలో ఇక్కడ చుక్క వాన వుండదు కదా, నీళ్లెక్కణ్ణించి?” అనడిగాను. ఆవిడ వంగి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టింది. గుల్లగా, తేలిగ్గా వుంది. అగ్నిపర్వతం చిమ్మిన బూడిద గట్టిపడితే అయ్యే రాయి. చలికాలం కురిసిన నీళ్లన్నీ పీల్చుకుని వేసవిలో కొద్దికొద్దిగా వేళ్లకి వదుల్తుందట. ఆవిడ మాత్రం ఇంత చెప్పలేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని రెండు మాటలంది. చెల్లెలు నవ్వి చెప్పింది: “రాయి పాలిస్తుంది అంటోందే అక్కా.” పదేళ్లు రాళ్ల శాస్త్రం చదివిన మా చెల్లెలు కూడా నాకెప్పుడూ ఇంత సుళువుగా చెప్పలేదు.

ఈ ద్రాక్ష ఎక్కణ్ణించి వచ్చిందంటే, గ్రీకులు పడవల్లో తెచ్చారని అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. ‘ఎల్లెనికో’, అంటే గ్రీకుది అన్న మాటే అల్యానికో అయిందని ఒక వాదం. కాదు, స్పానిషు దొరలు మైదానానికి వాడే మాటలోంచి వచ్చిందని ఇంకో వాదం. ఈ మధ్య జన్యుపరీక్షలు చేసి చూస్తే గ్రీసులో దీనికి దగ్గరి చుట్టాలెవరూ దొరకలేదట. మా మరిది ఆ సంగతి చెప్తుంటే వాళ్లమ్మ విననట్టు లేచి వెళ్లిపోయింది. వంశం గొప్ప చెప్పుకునే చోట రక్తపరీక్ష కాగితం ఎవరికి కావాలి?

గ్రీకుల మాట ఎలా వున్నా రోమన్ల మాట నిజం. బి.ఏ.లో మా ఇంగ్లీషు మాస్టారు హొరేస్ అనే లాటిన్ కవి పేరు తరచు చెప్పేవారు. ఆయన క్రీస్తుకు పూర్వం 65లో పుట్టింది ఈ కొండకి దగ్గర్లోనే వున్న వెనోసాలో. తండ్రి ఒకప్పటి బానిస. చిన్నప్పుడు ఈ వుల్తురె కొండ మీద ఆడి ఆడి నిద్రపోతే పావురాలు వచ్చి ఆకులు కప్పాయని ఆయనే ఒక పద్యంలో రాసుకున్నాడు. ఆ పద్యాల్లో వైన్ లేని పుట తక్కువ. అయితే ఆయన ఎక్కువగా పొగిడింది ఫలెర్నియన్ లాంటి పెద్దింటి వైన్లని. పట్నం వెళ్లి పేరు తెచ్చుకున్న మన రచయితలు పుట్టిన వూరి చెరువునీళ్ల గురించి ఎంతమంది రాశారు గనక? (నన్నూ కలుపుకునే అంటున్నాను.)

తరవాత చాలా కాలం ఈ వైన్ది అనామకపు బతుకు. చిక్కని రంగూ, వగరూ వుంది గనక పీపాలకొద్దీ ఉత్తరాదికి పోయేది. అక్కడి పల్చటి వైన్లలో కలిపితే వాటికి ఒళ్లూ రంగూ వచ్చేవి, పేరు మాత్రం వాళ్లది. ఆ పీపాల వెనకే మనుషులూ పోయారు, ఉత్తరాది మిల్లులకీ, సముద్రం దాటి అమెరికాకీ. మిగిలినవాళ్లని భూమి నిలవనివ్వలేదు. 1930 జులైలో భూకంపం వచ్చి ఈ కొండ చుట్టుపక్కల పధ్నాలుగువందల మంది పోయారు. మళ్లీ 1980 నవంబరు 23న ఇంకోటి. దక్షిణ ఇటలీలో రెండున్నర వేల మందికి పైగా పోయారు. అది ఆదివారం సాయంత్రం. అత్తయ్యగారికి అప్పటికి ముప్పై ఒక్కేళ్లు, చంకలో పిల్ల. ఆ రాత్రంతా తోటలో, ఆ మూడు కర్రల గుడిసెల మధ్యే కూచున్నారట. గోడలు లేని చోటు అదొక్కటే మరి. ఆ నాలుగు చాళ్లూ ఎందుకు మార్చనివ్వదో నాకప్పుడు తెలిసింది.

1971లో ఇటలీ ప్రభుత్వం ఈ వైన్‌కి ఊరి పేరుతో అమ్ముకునే హక్కిచ్చింది. ఈ కొండ దగ్గర పండిన అల్యానికో ఒక్కటే వుండాలి, ఇంకే ద్రాక్షా కలపకూడదు. 2010లో ఇంకా పై మెట్టు కూడా వచ్చింది. ఆ రకానికి మూడేళ్లు, అందులో మరీ పై రకానికి ఐదేళ్లు నిలవ వుంచితే గాని అమ్మకూడదు. నూటికి నూరుపాళ్లూ తనదైన పేరు సీసా మీద చూసుకోవడానికి ఆ కొండకి అంత కాలం పట్టింది.

వాళ్ల వైన్ వుండేది పక్కనే వున్న బారిలె అనే వూళ్లో. బారిలె అంటే పీపా. పేరుకి తగ్గ వూరే. పదిహేనో శతాబ్దంలో అల్బేనియా నించి వచ్చి స్థిరపడ్డవాళ్ల వూరది. ముసలివాళ్లు ఇప్పటికీ ఆ భాష మాట్లాడుతారు. వూరి పక్క గుట్టని తొలిచి, ఒక్కో ఇంటికి ఒక్కో గుహ చేసుకున్నారు. బయట ఎండ కాసినా మంచు పడినా లోపల ఒకటే చల్లదనం. 1964లో పసోలిని అనే ఆయన క్రీస్తు కథ సినిమా తీసినప్పుడు ఈ గుహలనే బెత్లెహేముగా చూపించాడట. ఊళ్లో ప్రతివాళ్ల తాతో అవ్వో అందులో కనిపిస్తారు.

గుహ తలుపు తీయగానే నేను కొంగు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను, అలవాటు కొద్దీ. కాని మా వూరి రోడ్డు మీది కంపు అక్కడ లేదు. పులుస్తున్న పళ్ల వాసన, తడి మట్టి వాసన, ఏదో కొంచెం పొగ వాసన. తొట్టిలో నల్లటి తొక్కలు మందంగా పైకి తేలి వున్నాయి. నల్లద్రాక్ష రసం నిజానికి తెల్లగానే వుంటుంది. రంగంతా తొక్కది. తొక్కలు రసంలో నానితేనే రంగూ వగరూ దిగుతాయి. అత్తయ్యగారు పొడుగాటి కర్ర తీసుకుని తేలిన తొక్కల్ని కిందికి తొక్కుతుంటే నాకు ఇంకేం గుర్తొస్తుంది? మూడో నాడు ఆవకాయ తిరగగలపడం! ఆ మాటే చెప్పి, జాడీ సైజూ, ముక్కలు ఊటలో మునగకపోతే బూజు పట్టడం, తడి చెయ్యి తగలనివ్వకపోవడం అన్నీ చేతుల్తో అభినయించి చూపించాను. ఆవిడ మహా శ్రద్ధగా విని, ఒకటే ప్రశ్న అడిగింది. చెల్లెలు తడబడింది. “నెల నెలా ఆ నాలుగు రోజులూ జాడీ ముట్టుకోనిస్తారా అంటోందే!”

ఆవిడ చిన్నతనంలో వాళ్లమ్మ ఆ రోజుల్లో గుహలోకి రానిచ్చేది కాదట, వైన్ పులిసిపోతుందని. తరవాత మా మరిది చెప్పాడు, రెండు వేల ఏళ్ల కిందట ప్లినీ అనే రోమన్ పండితుడు కూడా తన పుస్తకంలో ఆ మాటే రాశాడట. చూశారా! ఏడు సముద్రాల అవతల కూడా మన జాడీ పక్కన మన మీద అనుమానమే. ఆవిడా నేనూ ఆ చీకటి గుహలో గోడకానుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. భాష తెలియకపోవడం ఏమంత అడ్డు కాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అసలు ఘట్టం. శనగల పులుసు, రొట్టె, జున్ను, ఇంకా గలగలలాడే ఎర్రటి ఎండు మిరపకాయలు. అచ్చం మన చల్లమిరపకాయల్లా నూనెలో వేయించినవే గాని కారం లేదు, తియ్యగా వున్నాయి. అందరి ముందూ చిన్న గ్లాసులు. నా ముందు కూడా ఒకటి పెట్టి, రెండు వేళ్ల మేర పోసి, ఆవిడ నాకేసి చూసింది. బలవంతం లేదు, ఆశ వుంది. చెల్లెలు నాకేసి చూడనే లేదు, రొట్టె తుంపుతూ కూచుంది. అప్పుడు నా పరిస్థితి చెప్పడానికి తెలుగులో వున్న సామెత ఇంకే భాషలోనూ వుండదు, గొంతులో పచ్చివెలక్కాయ పడింది.

మీరేమనుకున్నా సరే, ఒక గుక్క తాగాను.

తమాషా ఏమిటంటే, అది నిజంగా పచ్చివెలక్కాయే! తీపి ఎక్కడా లేదు. ముందు పుల్లటి చెర్రీపండులా, తరవాత మిరియంలా, పొగలా ఏదో అనిపించి, అంతలో నాలుకా బుగ్గలూ బిగుసుకుపోయాయి. కసుగాయ నేరేడుపండు కొరికినట్టు, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నట్టు. తొక్కల్లోని పదార్థం మన లాలాజలాన్ని పట్టేసుకుంటుందట, అందుకే నోరు ఎండినట్టవుతుంది. పాలు పోయని టీ డికాక్షన్‌లో వుండేదీ అదే. పాలు పోస్తే ఎలా మెత్తబడుతుందో, జున్ను ముక్క కొరికి తాగితే ఇదీ అలాగే మెత్తబడుతుంది. అందుకే ఇది ఒట్టిగా తాగే వైన్ కాదు, కంచం పక్కన వుండాల్సిందే. వగరు, వగరు అని నేనంటుంటే మా మరిది ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

అప్పుడు ఇంకో పాత సీసా తెచ్చాడు, 2012 నాటిది. మళ్లీ ఒక్క చుక్క. అదే ద్రాక్ష, అదే చేను. వగరు వుంది, కరవడం మానేసింది. అంతకన్నా వర్ణించడం నాకు చేతకాదు. మూడో గుక్క తాగలేదు, తాగాలనీ అనిపించలేదు.

తరవాత వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే చెల్లెలు ఆవిడకి మా మామయ్య సంగతి చెప్పింది. అమ్మ ఎందుకు రాదో ఆవిడకి ఆరేళ్లుగా చెప్పలేదట, మోకాళ్లనే చెప్పిందట ఇదీ. ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది. “మా నాన్న” అంది. అంతవరకు నాకే అర్థమైంది. మిగతాది చెల్లెలు చెప్పింది. మంచి వైన్ అమ్మకానికి పోయేది. ఇంట్లో మిగిలే తొక్కల మీద నీళ్లు పోసి చేసిన పల్చటిది ఆయన పొద్దుణ్ణించీ తాగేవాడు. వాళ్లమ్మ పీపా బిరడా పీకి గుహలో అంతా పారబోసింది ఒకసారి. దెబ్బలు తింది. మర్నాడు మళ్లీ పళ్లు కోయడానికి వెళ్లింది, అన్నం పెట్టేదీ ఆ తోటే గనక. అందుకే ఈవిడ తన కొడుక్కి చిన్నప్పుడే నేర్పిందట, భోజనం బల్ల దగ్గర తప్ప గ్లాసు పట్టకూడదని. “మీ అమ్మగారితో చెప్పు, ఆవిడ తప్పేం లేదని” అని నా చెయ్యి నొక్కింది.

ఆ రాత్రే అమ్మకి ఫోను చేశాను. అక్కడ తెల్లవారుజాము, అమ్మ లేచే వేళే. తాగిన సంగతి దాచలేదు. అమ్మ కాసేపు పలకలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

“ఎట్టా వుంది?” అంది చివరికి.

“వెలక్కాయలాగ.”

“అంత డబ్బు పెట్టి పోయి వెలక్కాయ తిన్నావా?” అంది. నేను బిరడా పీకిన ఆవిడ కథ చెప్పాను. అమ్మ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. “ఆమెకి ఎంతమంది పిల్లలు?” అని మాత్రం అడిగింది.

నేను తిరిగొచ్చిన నెలకి, ఇటలీ వెళ్తున్న తెలిసినవాళ్ల అబ్బాయి చేత అమ్మ ఒక పెద్ద సీసా గోంగూర పచ్చడి పంపించింది. మూతకి గుడ్డ చుట్టి, దాని మీద దారం, దాని పైన ప్లాస్టిక్కు కవరు. పాస్‌పోర్టు సంగతి నేనెత్తలేదు, అమ్మా ఎత్తలేదు. ఫోనులో చెల్లెలికి అప్పగింతలు పెడుతుంటే విన్నాను.

“మీ అత్తగారికి వేడన్నంలో నెయ్యేసి కలిపి పెట్టు, ఒట్టిది నాకనీయొద్దు, నోరు పొక్కుద్ది. ఆ సీసాని మాత్రం ఆ గుహలో పెట్టొద్దని చెప్పు. వాసన పడుద్ది.”